గురువులు సాక్ష్యం

"గ్రామస్థులు కర్రలు, తెడ్లు పట్టుకొచ్చి పని ఆపించేశారు. కాంట్రాక్టరు ప్రాణభయంతో తన మనుషుల్ని తీసుకొని సైటు విడిచి వెళ్లిపోయాడు."

ఈ రెండు వాక్యాల్నీ ఇంగ్లీషులో రాసింది సాయిదుర్గే. రాసేటప్పుడు బాగానే ఉన్నాయనిపించింది. టైపిస్టు ఫెయిర్ కాపీ తెచ్చి బల్ల మీద పెట్టాక చదువుకుంటే మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ ఊరు ఆమె అమ్మ పుట్టిన ఊరు. కర్రలు పట్టుకొచ్చిన వాళ్లకి పెద్ద అని రాసిన గురువులు ఆమెకి స్వయానా మేనమామ. పైగా అదంతా శుద్ధ అబద్ధం.

ఆమె సీనియరు ప్లీడరు శ్రీరామ్మూర్తిగారి ఆఫీసు ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంది. కింద పిల్లలు ఫార్ములాలు బట్టీపడుతుంటే పైన వీళ్లు కాంట్రాక్టుల తగాదాలు తేలుస్తుంటారు. వంతెనలు, గోదాములు, పోర్టు రోడ్లు, స్టీలుప్లాంటు క్వార్టర్లు. విశాఖపట్నంలో ఏది కట్టినా సగం లేచేసరికి కట్టించేవాడూ కట్టేవాడూ కొట్టుకుంటారు. ఆ ఇద్దరిలో ఎవడో ఒకడు ఫైలు చంకన పెట్టుకొని ఈ మెట్లెక్కుతాడు.

ఈసారి ఎక్కినవాడు కృష్ణంరాజు. భీమిలికి అవతల నూకాలమ్మపాలెంలో చేపల వేలానికి షెడ్డు, దాని ముందు అలల కోత ఆపడానికి రాతిగోడ ఆయన కాంట్రాక్టు. పోయినేడు పని మధ్యలో ఆగింది. మళ్లీ మొదలుపెట్టేసరికి సముద్రం పోటెత్తి, వేసిన రాయంతా లాక్కుపోయింది. పని వదిలేసి పోయావంటూ డిపార్ట్‌మెంట్ కాంట్రాక్టు రద్దు చేసి, బ్లాక్‌లిస్టులో పెడతామని నోటీసిచ్చింది. ఆ లిస్టులో పడితే ఇంక ఆయన ఊరి కాలవ గట్టుకి కూడా టెండరు వెయ్యడానికి లేదు. ఎవరిది తప్పో తేల్చడానికి ఒక రిటైర్డ్ ఇంజనీరుని ఆర్బిట్రేటరుగా వేశారు.

"సార్, ఇలా జరగలేదు కదండీ," అంది సాయిదుర్గ, కాగితం శ్రీరామ్మూర్తి ముందు పెడుతూ.

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు. "ఎలా జరిగిందో నాకు తెలుసమ్మా. మీ మేనమామ కొడుకు ఎల్లాజీ సముద్రంలో పోయాడు. వెతకడానికి మన రాజుగారు పని ఆపి, ఉన్న మనుషులందర్నీ పంపారు. మంచి మనిషి, దణ్ణం పెడదాం. కానీ ఆయన్ని పని ఆపమని ఎవరైనా అడిగారా?"

"లేదండి."

"అదీ. ఎవరూ అడక్కుండా ఆపితే వదిలేసి పోయినట్టు. అదే ఊరు అడ్డుపడిందనుకో, తప్పు డిపార్ట్‌మెంట్‌ది. ఏ అడ్డూ లేని స్థలం అప్పజెప్పాల్సింది వాళ్లు. కాంట్రాక్టు మొత్తం తిరగెయ్యి. తుపానుకి క్లాజుంది, అల్లర్లకి క్లాజుంది, యుద్ధానికి కూడా ఉంది. జాలికి లేదు."

ఎదురుగా కుర్చీలో కృష్ణంరాజు కారు తాళాలు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. ఎండకి నల్లబడ్డ భారీ మనిషి. ఏసీ గదుల్లో కూర్చోవడం చేతకాక మాటిమాటికీ కాళ్లు సర్దుకుంటాడు.

"మీరేమంటారు రాజుగారూ?" అంది సాయిదుర్గ. ఆయన కాదంటాడేమోనని ఆమె ఆశ.

"ఏమంటానమ్మా. నా దగ్గర పాతికేళ్లబట్టి ఉన్న మేస్త్రీలున్నారు. రేపు నన్ను బ్లాక్‌లిస్టులో పెడితే వాళ్లని ఎవరి దగ్గరికి పొమ్మనను?" అన్నాడు కృష్ణంరాజు. తన తరఫు అఫిడవిట్ చదవకుండానే సంతకం గీకేసి పెన్ను మూతపెట్టాడు. ఆమె మొహంకేసి చూడలేదు.

"సాక్షి గురువులే," అన్నాడు శ్రీరామ్మూర్తి. "నీ మాటైతే వింటాడు. రేపెళ్లి సంతకం పెట్టించుకురా. ఎల్లుండి హియరింగ్‌లో ఆ సాక్షిని నువ్వే చూసుకో. ఎన్నాళ్లని నా వెనక ఫైళ్లు మోస్తావు?"

సాయిదుర్గ కాదనలేకపోయింది. సాక్షిని తనే చూసుకోవడమంటే మొదటిసారి తన పేరు రికార్డులో పడటం. చేపలు పట్టే జాలారి ఇంటి నుంచి ప్లీడరైన పిల్ల, మూడేళ్లబట్టి ఆ ఒక్క మాట కోసం చూస్తోంది. అది ఇలా వచ్చి చచ్చింది.

కింద జెరాక్స్ షాపు దగ్గర త్రినాథరావు ఎదురుపడ్డాడు. డిపార్ట్‌మెంట్ తరఫు ప్లీడరు. కోర్టులో ఎంత కరుకో బయట అంత కలుపుగోలు మనిషి.

"ఏమ్మా, ఊరి జనం దౌర్జన్యం చేశారన్న వాదన పట్టారటగా? పట్టండి పట్టండి. నెగ్గితే మీ రాజుగారు బతికిపోతాడు. ఆ ఊరికి మాత్రం షెడ్డు గోవిందా."

"అదేంటండీ?"

"గొడవల ఊరని ఒకసారి తీర్పులో పడ్డాక ఏ ఇంజనీరు అక్కడ కాలు పెడతాడు? మిగిలిన పని ఇంకో పాలేనికి మార్చమని ఆర్డరు రెడీగా ఉంది. తీర్పు కోసం ఆగారంతే." అని కాపీలు లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోయాడు.

సాయిదుర్గకి అబద్ధం రాసినందుకే సిగ్గుగా ఉంటే, ఇప్పుడా అబద్ధం ఎండలో చేపలమ్మే అత్తకి రావాల్సిన నీడ కూడా లాగేసేలా ఉంది. ఈ సంగతి మావయ్యకి చెప్పెయ్యాలనుకుంది. చెబితే ఆయనే సంతకం పెట్టనంటాడు, గొడవ వదిలిపోతుంది. రాజుగారి సంగతి అప్పుడు చూసుకోవచ్చు.

*

భీమిలి బస్సు దిగి ఆటోలో పాలెం చేరేసరికి వేలం జోరుమీదుంది. పడవలు వచ్చి అప్పుడే కాసేపయింది. ఆడవాళ్లు ఇసకలో బారుగా తట్టలు పెట్టుకొని కూర్చున్నారు. ఎండ మాడ్చేస్తోంది. అత్త దేముడమ్మ తన తట్టలో చేపల మీద తడి గోనె కప్పి, ఆరిపోగానే పరుగున పోయి సముద్రంలో ముంచుకొస్తోంది. వచ్చి కూర్చోగానే బేరగాడు, "మెత్తబడిపోనాయి," అని చేపని బొటనవేలితో నొక్కి ధర తగ్గిస్తున్నాడు. ఆవిడ వాణ్ణి, వాడి ముందు తరాల్నీ కలిపి తిడుతోంది. ఆ పక్కనే సగంలో ఆగిపోయిన షెడ్డు స్తంభాలు తుప్పుపట్టిన ఊచలతో నిలబడి ఉన్నాయి. స్తంభాల పలచని నీడలో మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు.

"ఏటమ్మా దుర్గా, సెప్పా పెట్టకుండా ఊడిపడ్డావు?" అన్నాడు గురువులు. వల తాడు కాలి బొటనవేలికి తగిలించి బిగిస్తున్నాడు. ఆయనకి ఎడమచేతి రెండు వేళ్లు వంగవు. అయినా ముడి మీద ముడి పడిపోతూనే ఉంది.

"నీ సంతకం కావాల మావయ్యా. రాజుగారి కేసు."

"ఎట్టెత్తాను. ఎక్కడెట్టాల?"

"ముందు ఏటి రాసుందో ఇను." ఆమె కాగితం తీసి ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది. కర్రల సంగతి వచ్చేసరికి గురువులు చేతిలో పని ఆపి ఆసక్తిగా విన్నాడు.

"తెడ్లు కూడా అట్టుకొచ్చేమా? బాగుంది. మిక్సరు మిసను ఇరగ్గొట్టేం అని రాయనేదేటి?"

"లేదు."

"రాయి మరి. గట్టిగుంటాది."

పక్కన వల కడుతున్న కొండలరావు తల ఎత్తాడు. "నాను ఇంజినీరుని నీల్లల్లోకి తోసేసేను, నా పేరు కూడా రాయమ్మా." ఆ వెనక ఇంకెవరో నవ్వుతూ, "మా తమ్ముడు రాయి ఇసిరేడు, ఆడిదీ రాయి," అన్నారు. కాసేపట్లో ఆ స్తంభాల నీడన ఉన్న మగాళ్లంతా కాగితంలో రౌడీలుగా చేరిపోవడానికి ఎగబడ్డారు. సాయిదుర్గకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

"ఊరుకోండెహె! ఇది ఆట కాదు," అని అరిచింది. "మావయ్యా, ఇటు ఇను. ఈ కాగితం నెగ్గిందంటే మనది గొడవల ఊరని రాసేత్తారు. షెడ్డు వేరే ఊరికి పట్టుకుపోతారు. ఆర్డరు కూడా రాసి ఉంచేరంట. ఈ స్తంభాలు ఇలగే ఉండిపోతాయి. అత్త బతుకంతా ఇలగే ఎండలో పరిగెట్టాల."

నవ్వులు ఆగిపోయాయి. గురువులు బొటనవేలి నుంచి తాడు తీసి పక్కన పెట్టాడు. ఖాళీ అయిన తట్ట నెత్తిన పెట్టుకొని అప్పుడే వచ్చిన దేముడమ్మ వైపు చూశాడు.

"ఇన్నావా?"

"ఇన్నాను." దేముడమ్మ తట్ట దించి ఇసకలో చతికిలబడింది. ఆ షెడ్డు కోసం ఊళ్లో అందరికంటే ఎక్కువ తిరిగింది ఆవిడే. కలెక్టరాఫీసు ముందు ఆడవాళ్లనందర్నీ కూర్చోబెట్టింది కూడా ఆవిడే. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి అందరూ ఆవిడ మాట కోసమే చూశారు. ఆవిడ చీరకొంగుతో మెడ తుడుచుకుంది, చేతులకంటిన పొలుసులు గోటితో గీరుకుంది. తర్వాత మొగుడితో, "సంతకం ఎట్టీ," అంది.

"అత్తా!"

"ఏటే? ఎండ మాకు కొత్తేటి? మా అత్త ఈ ఇసకలోనే అమ్మింది, నాను అమ్మేను, రేపు ఇంకోతి అమ్ముతాది. షెడ్డు నేకపోతే సచ్చిపోతామేటి?" ఆవిడ గొంతు పెద్దదైంది. "ఆ రాజుబాబు నా కొడుకుని తెచ్చి నా ఒళ్లో ఎట్టేడు. మొగం సూసుకున్నాను. పసుపు రాసేను, నీల్లు పోసేను. ఈ ఒడ్డున కొడుకుల్ని నీల్లకి ఒగ్గీసి, ఏ పొద్దు దినం ఎట్టాలో తెలక కూకున్న తల్లులు ఎంతమందున్నారో నీకు తెల్దేటి? అసిరమ్మనడుగు. దాని పెనిమిటి ఎల్లిపోయి ఎన్నేల్లయింది, అదింకా బొట్టు తియ్యాలో అక్కల్లేదో తేల్చుకోనేదు."

"అది కాదత్తా. అబద్ధం కదా ఇది? మన ఊరి మీద మనవే అబద్ధం సెప్పుకోడవేటి?"

"సెప్పుకుంటే ఏటయిపోద్ది? మనవేటి రాజులవా, జవీందార్లవా? రౌడీలంటారు. అననీ. ఆ బాబు పేరు బాగుండాల."

సాయిదుర్గకి ఒళ్లు మండింది. తను ఇంత దూరం వచ్చింది వీళ్లని కాపాడదామని. వీళ్లేమో పోటీపడి మునిగిపోతామంటున్నారు. అంతలోనే ఎల్లాజీ గుర్తొచ్చాడు. 'ఏటే ప్లీడరమ్మా, బావకి ఫీజు తగ్గిత్తావా?' అని ఏడిపించేవాడు. వాణ్ణి లారీలోంచి దించిన రోజు ఆమె ఇక్కడే ఉంది. చివరికి పెన్ను తీసి మావయ్య చేతికిచ్చింది. గురువులు మోకాలి మీద కాగితం పెట్టుకొని, నాలుక పంటి కింద నొక్కి, తన పేరు అక్షరం అక్షరం దించాడు.

*

హియరింగు బస్ కాంప్లెక్స్ దగ్గర ఒక హోటల్ మేడమీద, పెళ్లిచూపులకీ మీటింగులకీ అద్దెకిచ్చే హాల్లో పెట్టారు. గురువులు ఉతికిన పంచె, తెల్ల చొక్కాతో వచ్చాడు. లోపలికి రాగానే ఆర్బిట్రేటరుకీ, శ్రీరామ్మూర్తికీ, త్రినాథరావుకీ, మూల కూర్చున్న స్టెనోకీ వరసగా దణ్ణాలు పెట్టేశాడు. ఏసీ చలికి తువ్వాలు చెవుల మీదుగా చుట్టుకొని కుర్చీ అంచున కూర్చున్నాడు. దేముడమ్మ వెనక తలుపు పక్కన సర్దుకుంది. ఆవిడ రాజుబాబు కోసం ఎండు నెత్తళ్ల చేపలు తెచ్చింది. సంచీ ఎంత మూటకట్టినా కాసేపటికి హాలంతా ఆ వాసనే. ఆర్బిట్రేటరు పెద్దాయన ఒకసారి గాలి పీల్చి, ఏమీ అనకుండా ఫైలు తెరిచాడు.

సాయిదుర్గ లేచి, సాక్షి పేరు, ఊరు చెప్పించి, అఫిడవిట్ మీద సంతకం ఆయనదేనని ఒప్పించింది. కూర్చున్నాక పక్కన శ్రీరామ్మూర్తి మెచ్చుకోలుగా తల ఊపాడు. గోడ వారగా కూర్చున్న కృష్ణంరాజు మాత్రం నేలకేసి చూస్తున్నాడు.

త్రినాథరావు క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టాడు.

"కర్రలు పట్టుకొచ్చారా?"

"అట్టుకొచ్చేం బాబూ. తెడ్లు కూడా."

"ఎంతమంది?"

"ఊరు ఊరంతా. ముసిలోల్లు కూడా ఉన్నారు."

"ఊరికి షెడ్డు కడుతుంటే మీరే ఎందుకు ఆపారు?"

"మా పడవలెట్టుకునే జాగా పోద్దని బాబూ. మాకు తెలివేది?"

గురువులు తడుముకోవడం లేదు. చెప్పే ప్రతి అబద్ధానికీ హుషారు పెరుగుతోంది. మిక్సరు మిషను కూడా విరిచామన్నాడు. "ఏ భాగం విరిచారు?" అంటే, "తిరిగేది," అన్నాడు. పెద్దాయన ఒక్కో జవాబునీ ఇంగ్లీషులోకి మార్చి స్టెనోకి చెబుతున్నాడు. సాయిదుర్గకి కేసు గట్టెక్కేలా ఉందనిపించింది. ఒక మనిషి నిలువునా తన పరువు తీసుకుంటుంటే తనకి తేలిగ్గా ఉన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

త్రినాథరావు కాగితాలు బల్ల మీద పడేసి, కోటు సర్దుకొని, కృష్ణంరాజు వైపు చెయ్యి చూపించాడు.

"సరే. మీరంతా వచ్చేసరికి ఈయనేం చేశాడు?"

గురువులు తడబడ్డాడు. "ఏటి సేత్తాడు బాబూ..."

"అఫిడవిట్‌లో రాశారుగా, ప్రాణభయంతో వెళ్లిపోయాడని. పారిపోయాడా?"

"ఎల్లిపోనాడు."

"వెళ్లిపోవడం కాదయ్యా, పారిపోయాడా లేదా? నలుగురు ముసలాళ్లు తెడ్లు పట్టుకొస్తే, పనివాళ్లనీ మిషన్లనీ పెట్టుకొని ఇంత మనిషి పరుగు లంకించుకున్నాడు. అంతేనా? అంత పిరికివాడా?"

గురువులు కృష్ణంరాజుకేసి చూశాడు. చెవుల మీంచి తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. సాయిదుర్గ అవునను మావయ్యా, ఒక్క ముక్క, అని మనసులో అనుకుంది. ఆ వెంటనే, అనకు మావయ్యా, అని కూడా అనుకుంది.

"చెప్పవయ్యా. పిరికివాడేనా?"

"పిరికోడు అనకు బాబూ." గురువులు గొంతు ఒక్కసారి మారిపోయింది. "నన్నేటన్నా అనుకో. ఆ బాబుని అనకు."

"మరి పారిపోయాడుగా?"

"ఎక్కడికి పారిపోనాడయ్యా? నీకు తెలుసేటి? నా గుంటడు నీల్లల్లో ఉన్నాడు. మా ఊల్లో మనిసి నీల్లల్లో ఉండగా ఎవుడూ పని ముట్టడు. ఆ బాబు మావోడు కాదు, మా కట్టుబాటు ఆయనకేల? మావు ఒడ్డున కూకుని ఏడుత్తంటే ఆయన సూసేడు. మిసను కట్టీమన్నాడు. రాల్లు తోలే లారీలు కాలీ సేసి మనుసుల్ని ఎక్కించేడు. సింతపల్లి ఒడ్డుదాకా పంపేడు. హార్బర్ కాడ్నించి మరబోట్లు రప్పించేడు. నాను ఇంటికెల్లమంటే ఎల్లడు. ఆయన అన్నం తినడం నాను సూళ్లేదు. సివరాకరికి కోనాడ కాడ తేలేడని కబురొత్తే, నాకు కాల్లు ఆడక నిలబడిపోనాను. నీల్లల్లోకి ఆయన దిగేడు. ఉప్పునీల్లకి నాని ఉన్న ఒల్లు బాబూ, అయినోల్లే ముట్టడానికి జంకుతారు. ఆయన రెండు సేతుల్తో ఎత్తుకొచ్చేడు. ఆయన్ని పట్టుకొని పిరికోడంటావేటి?"

వెనక దేముడమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఈ జవాబు త్రినాథరావు కూడా అనుకోలేదు. ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగాడు.

"అయితే పని ఆపింది మీరు కాదన్నమాట."

"మావెవులం బాబూ ఆపడానికి? ఆయనే ఆపీసేడు."

ఆ ఒక్క మాటతో అంతా అయిపోయింది. హాల్లో ఆ సంగతి తెలియనివాళ్లు ఇద్దరే, గురువులూ దేముడమ్మా. పెద్దాయన పెన్ను కింద పెట్టాడు. తర్వాత స్టెనో వైపు తిరిగి, ఆ జవాబు మొత్తం ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాడు. శవాన్ని చేతులతో ఎత్తుకొచ్చిన సంగతి కూడా. చెప్పాక కృష్ణంరాజు వైపు చూశాడు.

"ఇది నిజమేనా?"

కృష్ణంరాజు లేచి నిలబడ్డాడు. "నిజమేనండి."

"ఆ పొద్దు డిపార్ట్‌మెంట్‌కి ఒక్క కాగితం ముక్క రాసుంటే సరిపోయేది కదయ్యా. ఫలానా కారణం, కాస్త గడువివ్వండని. ఏ ఇంజనీరైనా ఇచ్చేవాడు. నేనైతే ఇచ్చేవాణ్ణి."

"తోచలేదండి."

"ఇప్పుడు నా చేతుల్లో ఏమీ లేదు. ఊరు అడ్డుపడిందన్న మాట పోయింది. అది పోయాక కాంట్రాక్టు ప్రకారం మిగిలేది ఒకటే." అది ఏమిటో ఆయన పైకి అనలేదు. "అమ్మా, మీ సాక్షిని మళ్లీ అడగాల్సిందేమైనా ఉందా?"

శ్రీరామ్మూర్తి గబగబా ఏదో రాసి కాగితం ఆమె ముందుకి తోశాడు. 'కొడుకు పోయాక మతి చలించిందని అడుగు. మందు అలవాటు కూడా అడుగు. ఇంకా అవకాశం ఉంది.'

సాయిదుర్గ లేచి నిలబడింది. గురువులు ఆమెకేసి గర్వంగా చూస్తున్నాడు. పిచ్చివాడివి కదూ మావయ్యా, తాగుబోతువి కదూ, అని అడిగితే చాలు. ఆమె కోసమైనా అవుననే అంటాడు. పిచ్చాణ్ణి అనిపించుకోవడం ఆయనకి ఒక లెక్కలోది కాదు. ఊరికే అనడు కూడా, రెండు పిచ్చి వేషాలు వేసి మరీ చూపిస్తాడు. అప్పుడు కృష్ణంరాజు బతికిపోవచ్చు. ఆమె గోడవైపు చూసింది. కృష్ణంరాజు ఆమెకేసి చూడటం లేదు. గురువుల్నే చూస్తున్నాడు.

"అడగాల్సిందేమీ లేదండి," అంది సాయిదుర్గ.

శ్రీరామ్మూర్తి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "రేపు ఆఫీసులో మాట్లాడుకుందాం," అని ఆమెకి మాత్రం వినపడేలా అన్నాడు. ఆ గొంతు విన్నాక రేపు ఏం మాట్లాడతాడో ఆమెకి తెలిసిపోయింది.

*

మెట్ల దగ్గర గురువులు ఒక్క చోట నిలబడలేకపోతున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"సూసేవా దుర్గా? ఆ నల్లకోటోడు మరి నోరెత్తనేదు. రాజుబాబుని అంతాడేటి ఆడు! అప్పుడుదాకా నువ్వు సెప్పమన్నట్టే సెప్పేను. ఆ మాటంటే మరి ఊరుకోబుద్దెయ్యనేదు." ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పెద్దాయన సూడు, నాను సెప్పిందంతా రాయించుకున్నాడు, ఒక్క ముక్క ఇడవకుండా. గెలిసేం కదా?"

సాయిదుర్గ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? నువ్వు నిజం చెప్పినందుకే ఆయన మునిగిపోయాడని ఏ నోటితో చెప్పాలి? చెప్పాల్సిందే, ప్లీడరుని కదా అనుకొని గొంతు సవరించుకుంది.

అంతలో కృష్ణంరాజు హాల్లోంచి బయటికొచ్చాడు. నిదానంగా దగ్గరికొచ్చి గురువులు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎలగ సెప్పేను బాబూ?"

"బాగా చెప్పావు గురువులూ," అన్నాడు కృష్ణంరాజు. "మూయించేశావు వాడి నోరు. గెలిచేం."

"సూసేవే!" అని గురువులు పెళ్లాం వైపు తిరిగాడు. "మరి షెడ్డో బాబూ? దుర్గ ఏదో అంది, ఊరు మారిపోద్దని."

"మారదు. గొడవల ఊరని ఇంక ఎవరూ అనరు. షెడ్డు మీ ఊళ్లోనే కడతారు." ఇది మాత్రం నిజమే. ఈ ఒక్క మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు తేలిగ్గా ఉంది.

దేముడమ్మ అంత సులువుగా నమ్మే మనిషి కాదు. బేరగాళ్ల మొహాలు చూసి చూసి రాటుదేలింది. నెత్తళ్ల సంచీ కృష్ణంరాజు చేతిలో పెట్టి, ఆయన మొహం పరీక్షగా చూసింది. తర్వాత మేనకోడలి వైపు తిరిగింది.

"నిజవేనా దుర్గా? నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పు. గెలిసేమా?"

కృష్ణంరాజు సంచీ పట్టుకొని నిలబడ్డాడు. మొన్న ఆఫీసులో సంతకం పెట్టి ఆమె మొహం చూడలేకపోయిన మనిషి ఇప్పుడు తిన్నగా ఆమె కళ్లలోకే చూస్తున్నాడు. చెప్పొద్దని బతిమాలుతున్నాడు.

"గెలిచేం అత్తా," అంది సాయిదుర్గ.

దేముడమ్మ రెండు చేతులూ ఎత్తి గంగమ్మతల్లికి దణ్ణం పెట్టుకుంది. వద్దన్నా వినకుండా కృష్ణంరాజు కాంప్లెక్స్ దాకా నడిచి వచ్చి, టీ తాగించి, భీమిలి బస్సెక్కించాడు. బస్సు కదలకముందే గురువులు కండక్టరుకి కేసు మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టేశాడు. బండి గేరు పడ్డాక కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"రాజుబాబూ! షెడ్డు పని మొదలెట్టిన నాడు కబురెట్టు. వేరేవోల్లని పిలిసేవంటే ఊరుకోను. కొబ్బరికాయ నానే కొట్టాల!"

"నువ్వే కొడుదువుగాని గురువులూ," అని కృష్ణంరాజు చెయ్యి ఊపాడు. సాయిదుర్గ కూడా పక్కన నిలబడి, బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది.